పాత పికప్ ట్రక్కు డైరీ: వెనుక సీటు చెప్పిన సంగతులు

2024 అక్టోబరు 6, ఆదివారం

మా ఇంట్లో ఐదుగురం ఉన్నాము: నేను, నా భార్య, పదకొండేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి, అరవై తొమ్మిదేళ్ల మా అమ్మ. ఇప్పుడున్న సెడాన్ కారులో ఐదుగురం ఎక్కితే డిక్కీలో గుడారం ఒక్కటే పడుతుంది. పరుపులు, వంట సామాను, నీళ్ల డబ్బాలు కూడా తీసుకెళ్లాలంటే ఎవరో ఒకరు ఇంట్లో ఆగిపోవాలి. ఆ ఆగిపోయేది ప్రతిసారీ అమ్మే. పోయిన వేసవిలో అనంతగిరి కొండల దగ్గర మట్టిదారిలో కారు అడుగుభాగం రెండుసార్లు రాళ్లకు రాసుకున్నాక, నగరంలో తిరగడానికీ, సొంతూరు వెళ్లడానికీ, గుడారం వేసుకుని ఒక రాత్రి బయట ఉండిరావడానికీ పనికొచ్చే పాత పికప్ ట్రక్కు కొనాలని తీర్మానించుకున్నాము. ఆ పని ఎలా సాగుతోందో ఈ డైరీలో రాసుకుంటాను.

ఐదుగురు కూర్చునే పికప్‌ను మన దేశంలో సొంత వాహనంగా, అంటే తెల్ల నంబరు పలకతో, కొనాలంటే ఎంపికలు కొద్దే. బొలెరో క్యాంపర్లు చాలా ఉన్నాయి గాని, నేను చూసినవన్నీ సరుకు రవాణా వాహనాలుగా పసుపు పలకతో ఉన్నవే. వాటికి ఫిట్‌నెస్ పరీక్షలు తరచుగా చేయించాలి, కుటుంబ అవసరానికి ఆ తంటా ఎందుకనిపించింది. స్కార్పియో గెటవే, టాటా జెనాన్ దొరుకుతున్నాయి గాని, నా కంటపడినవన్నీ బాగా అలిసిపోయినవి. మిగిలింది ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారై 2016లో అమ్మకానికి వచ్చిన ఈ బండిలో 2,499 సీసీ డీజిల్ ఇంజను, ఐదు గేర్లు, 320 న్యూటన్ మీటర్ల టార్కు (చక్రాలను తిప్పే బలం), అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ శక్తిని పంపే ఏర్పాటు, ముందు సీట్లకు రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నియంత్రణ నిబంధనలు (బీఎస్-6) రావడానికి ముందు తయారైనవి మా స్తోమతకు అందేలా ఉన్నాయి.

బండికి తొమ్మిదిన్నర లక్షలు, కొన్న తరువాత చేయించవలసిన పనులకు లక్షన్నర అని డబ్బును ముందే రెండుగా విడదీశాను. ఆ లక్షన్నరను బేరంలో కలపకూడదని నా భార్య గట్టిగా చెప్పింది.

ఇంకొక చిన్న సంగతి. వీ-క్రాస్ పొడవు 5,295 మిల్లీమీటర్లు. టేపు తీసుకుని మా అపార్ట్‌మెంటు సెల్లారులోకి వెళ్లి మాకిచ్చిన స్థలాన్ని కొలిస్తే సరిగ్గా ఐదు మీటర్లు వచ్చింది. బండి ముక్కు ఒక అడుగు దారిలోకి పొడుచుకొస్తుంది. గోడ మూలనున్న స్థలం గల పొరుగాయన మాతో మార్చుకోవడానికి ఒప్పుకున్నారు కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఈ డైరీ మొదటి రోజే ముగిసేది.

2024 అక్టోబరు 20, ఆదివారం

మొదటి బండిని నగర శివారులోని ఒక పాత వాహనాల యార్డులో చూశాము. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్, 2016 మోడల్, మీటరులో 82,000 కిలోమీటర్లు. పైకి చూస్తే అద్దంలా మెరుస్తోంది. నాతో వచ్చిన మేస్త్రీ ముప్పై ఏళ్లుగా డీజిల్ బండ్ల షెడ్డు నడుపుతున్న మనిషి. ఆయన బానెట్ వైపు చూడనైనా చూడకుండా నేల మీద గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరారు. చాసీ అంతా కొత్తగా నల్లరంగు పూసి ఉంది. వెనుక కమాను పట్టీలు చాసీకి తగిలే చోట ఆయన చిన్న సుత్తితో కొడుతూ పోయారు. మొదట్లో ఖణేల్‌మని పలికిన ఇనుము ఒకచోట అట్టముక్కను కొట్టినట్టు మూగగా పలికింది. అక్కడ స్క్రూడ్రైవరు మొనతో గీకగానే రంగు పొలుసుగా ఊడి, దాని కింద ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా రాలింది. పాత సర్వీసు కాగితాల్లో విశాఖపట్నం చిరునామా ఉంది. ఉప్పుగాలిలో ఏళ్లపాటు ఆరుబయట నిలిచిన బండికి బాడీ మీద తుప్పు పడితే లప్పం పెట్టి సరిచేసుకోవచ్చు గాని, బరువంతా మోసే చాసీని తుప్పు తింటే చేయగలిగింది పెద్దగా ఉండదు.

పైగా పొరుగు రాష్ట్రపు బండికి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తీసుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాలి. ఆ లెక్క వేస్తే చవకగా కనిపించిన ధర చవక కాకుండా పోయింది. ఇక తెలంగాణ రిజిస్ట్రేషన్ బండ్లకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలనుకున్నాను.

2024 నవంబరు 10, ఆదివారం

అలా అనుకుని కూడా ధర చూసి ఆశపడి ఈరోజు మళ్లీ ఆంధ్రా బండి ఒకటి చూడటానికి వెళ్లాను. 2018 మోడల్, తిరిగింది 61,000 కిలోమీటర్లే, అడుగుతున్నది మార్కెట్టు కంటే లక్షన్నర తక్కువ. అమ్మే మధ్యవర్తి తొందరపెడుతున్న తీరు చూసి మేస్త్రీ బండి ఎక్కడిదని అడిగారు. విజయవాడ వైపుదన్నాడు.

సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగిపోయిన సంగతి, అదే రోజుల్లో మున్నేరు ఖమ్మాన్ని ముంచిన సంగతి అందరికీ గుర్తే. ఆ నీళ్లలో నానిన వాహనాల్లో కొన్ని శుభ్రపడి అమ్మకానికి వస్తాయని ఊహించడం కష్టమేమీ కాదు. మేస్త్రీ వెనుక సీటు బెల్టు పట్టుకుని లోపలి చుట్ట అంతా బయటికి వచ్చేదాకా లాగారు. కనిపించే మొదటి మూరెడు బెల్టు నల్లగా, శుభ్రంగా ఉంది. చివరి మూరెడు మీద అడ్డంగా బూడిదరంగు గీత, దానికి అవతల అంతా ఎండిన ఒండ్రు వాసన. బండి కడిగేవాళ్లు కార్పెట్లు మారుస్తారు, సీట్లు ఉతుకుతారు, అత్తరు చల్లుతారు గాని బెల్టును చివరిదాకా లాగి కడగరు. అనుమానం తీర్చుకోవడానికి స్టీరింగు కింద ఉన్న ఫ్యూజుల పెట్టె తెరిచి చూస్తే రెండు కాళ్ల మీద పచ్చటి చిలుము కనిపించింది. ఇలాంటి బండి ఈరోజు నడుస్తుంది, ఆరు నెలల తరువాత ఒక వైరు, ఏడాది తరువాత ఇంకొక సెన్సరు పోతూనే ఉంటాయి. పిల్లలను ఎక్కించుకుని అడవి దారిలో వెళ్లే బండికి అది తగదు. మధ్యవర్తితో వాదన పెట్టుకోకుండా తిరిగివచ్చాము.

2024 నవంబరు 24, ఆదివారం

మూడవ బండి కరీంనగర్‌లో దొరికింది. 2017 మోడల్, టీఎస్ నంబరు, ఒకే యజమాని, 1,14,000 కిలోమీటర్లు. యజమాని చిన్న కాంట్రాక్టులు చేసి విరమించుకున్న పెద్దమనిషి. తెల్లవారి ఆరున్నరకల్లా అక్కడ ఉంటామని, మేము వచ్చేదాకా ఇంజను ఆన్ చేయవద్దని ముందు రోజే ఫోనులో కోరాను. చల్లటి ఇంజను చెప్పే నిజాలను వేడి ఇంజను దాచిపెడుతుంది. తాళం తిప్పగానే రెండో చుట్టుకే అందుకుంది. మొదట వచ్చిన పలుచని తెల్లపొగ అర నిమిషంలో తగ్గింది. నీలిపొగ వచ్చి ఉంటే ఆయిలు కాలుతోందని అర్థం, రాలేదు. యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు కొంచెం నల్లపొగ కనిపించింది, ఇంత పాత డీజిల్ బండికి అది క్షమించదగినదే. ఇంజను తిరుగుతుండగానే ఆయిలు మూత విప్పి, దాన్ని బోర్లించి రంధ్రం మీద ఊరికే ఉంచితే అది అక్కడే కదలకుండా నిలిచింది. పిస్టన్ రింగులు అరిగి ఉంటే లోపలి గాలి దాన్ని ఎగరగొట్టేది.

క్లచ్‌ను చూడటానికి సమతల రోడ్డు మీద నెమ్మదిగా పోతూ నాలుగో గేరు వేసి ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కాను. ఇంజను చుట్లు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. రెండూ కలిసే పెరిగాయి. అయస్కాంతం బాడీ అంతటా అంటుకుంది, ఎడమ వెనుక తలుపు కింద మాత్రం అంటుకోలేదు. అక్కడ గేటుకు రాసుకుంటే లప్పం పెట్టించానని యజమాని తనంతట తానే చెప్పారు. అడగకముందే ఒక లోపం చెప్పిన మనిషి మిగతావి కూడా దాచడేమోననిపించింది.

టైర్ల పక్కన ఉండే నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ ఏడాదిని చెబుతాయి. నాలుగు టైర్ల మీదా 3519 అని ఉంది, అంటే 2019 ఆగస్టు నాటివి. ముళ్లు ఇంకా మిగిలి ఉన్నా రబ్బరు గట్టిపడి పగుళ్లు తేలాయి. స్టెప్నీ వెనుక తొట్టి కింద గొలుసుకు వేలాడుతుంది. దాన్ని దింపమంటే యజమాని నవ్వి, కొన్నప్పటి నుంచీ దింపలేదన్నారు. పొడవాటి రాడ్డును రంధ్రంలో పెట్టి తిప్పితే చప్పుడే తప్ప కదలిక లేదు. తుప్పు వదిలించే ఆయిలు కొట్టి, పావుగంట ఆగి, నేనూ మేస్త్రీ ఇద్దరం కలిసి తిప్పితే గొలుసు కీచుమంటూ ఒక్కొక్క లంకే జారింది. దిగిన టైరు మీద 1117 అని ఉంది: ఏడేళ్ల దుమ్ము గట్టిగా పేరుకుపోయినా, నేలను ఒక్కసారీ తాకని ముళ్లు ఇంకా మొలిచినట్టే ఉన్నాయి. రాత్రిపూట పంచరై ఉంటే ఆ టైరు బండికి ఉండీ లేనట్టే.

నాలుగు చక్రాల నడక గురించి అడిగినప్పుడు ఆయన, "ఫోర్ బై ఫోర్ నేను ఒక్కసారి కూడా వేయలేదు సార్, షోరూములో ఎట్లుండెనో అట్లనే ఉంది" అన్నారు. నేనది మంచి మాటగానే తీసుకున్నాను. మట్టిదారి మీద డయల్‌ను 4హెచ్‌కు తిప్పితే దీపం వెలిగింది, చాలనుకున్నాను. 4హెచ్ మామూలు వేగంలో నాలుగు చక్రాలనూ నడిపే స్థానం; తక్కువ వేగంలో ఎక్కువ బలమిచ్చే 4ఎల్ చూడలేదు. ఆ సంగతి తరువాత రాస్తాను.

పది లక్షల పదివేలు అడిగారు. టైర్లు, షాక్‌అబ్జార్బర్లు, బ్యాటరీల లెక్కను ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను. టీ తాగుతూ గంటసేపు మాట్లాడాక తొమ్మిది లక్షల నలభై వేలకు కుదిరింది. ఇరవై ఐదు వేలు బయానా ఇచ్చి వచ్చాము.

2024 డిసెంబరు 13, శుక్రవారం

కాగితాలకే మూడు వారాలు పట్టింది. యజమాని బ్యాంకు అప్పు మూడేళ్ల కిందటే తీర్చేశారు గాని, ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. అప్పు తీరినట్టు బ్యాంకు అప్పట్లో ఇచ్చిన పత్రం గడువు దాటిపోవడంతో, కొత్త పత్రం, ఆర్సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35 తెచ్చుకోవడానికి ఆయన పదకొండు రోజులు తిరగవలసివచ్చింది. బ్యాంకు పేరు తొలగిపోయిన తరువాతే మిగతా సొమ్ము ఇస్తానని మొదటే చెప్పడం వల్ల ఎవరికీ మనసు కష్టం కలగలేదు. బండిని నా పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, స్లాటు, పెండింగులో ఉన్న నాలుగు చలాన్లు ఆయనే కట్టడం, ఇవన్నీ సాఫీగా ముగిశాయి.

బీమా విషయంలో చాలామంది పొరబడతారు కాబట్టి ఇక్కడ రాసి ఉంచుతున్నాను. బండి చేతులు మారిన పద్నాలుగు రోజుల్లోపల బీమాను మన పేరుకు మార్పించుకోవడానికి దరఖాస్తు చేయాలి. క్లెయిములు లేనందుకు వచ్చే రాయితీ మనిషిది గాని బండిది కాదు. అమ్మినాయన రాయితీ ఆయనతోనే పోయింది కాబట్టి ఆ తేడాను నేను కట్టవలసివచ్చింది.

బండి ముందు బిగించిన బరువైన ఇనుప గార్డును ఇంటికి తెచ్చిన రోజే విప్పించాను. ఇలాంటి గార్డులను అనుమతించవద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. నిబంధన సంగతి అటుంచినా, ఢీకొన్నప్పుడు నలగవలసిన భాగాన్ని నలగనీయకుండా, దెబ్బను నేరుగా చాసీకి పంపే వస్తువు పిల్లలు ఎక్కే బండికి వద్దనుకున్నాను. దాన్ని పాత ఇనుము కొట్లో తూకం వేస్తే ముప్పై ఒక్క కిలోలు వచ్చింది.

2024 డిసెంబరు 22, ఆదివారం

షెడ్డులో నాలుగు రోజులు. పాత బండి చేతికి రాగానే అన్ని ద్రవాలనూ మార్చేస్తే ఆ రోజు నుంచి లెక్క మనదవుతుందన్నది మేస్త్రీ పద్ధతి. ఇంజను ఆయిలు, కూలెంటు, బ్రేకు ఆయిలు, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు ఇరుసుకూ శక్తిని పంచే పెట్టె), రెండు డిఫరెన్షియళ్లు (మలుపులో ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్లచక్రాల పెట్టెలు), డీజిల్ ఫిల్టరు అన్నీ మారాయి. వెనుక డిఫరెన్షియల్ ఆయిలు నల్లగా, మామూలుగానే వచ్చింది. ముందుది విప్పినప్పుడు మాత్రం పాలు ఎక్కువైన టీ రంగులో చిక్కటి ద్రవం కారింది, అంటే లోపలికి నీళ్లు చేరాయి. ఎప్పుడో వాగు దాటినప్పుడు వేడిగా ఉన్న డిఫరెన్షియల్ ఒక్కసారిగా చల్లబడి, లోపలి గాలి కుంచించుకుని, ఊడిపోయిన గాలిగొట్టం గుండా నీటిని పీల్చుకుని ఉంటుంది. పళ్లచక్రాల మీద తుప్పు లేదు. రెండుసార్లు కొత్త ఆయిలు పోసి, కొంత దూరం తిప్పి, తీసేసి, మూడోసారి పోసినదాన్ని ఉంచాము. గాలిగొట్టాన్ని పైకి, ఇంజను దగ్గరకు తెచ్చి క్లిప్పుతో బిగించాము.

ముందు బ్రేకు ప్యాడ్లు, వెనుక డ్రమ్ముల్లో షూలు, ఐదు టైర్లు, వెనుక షాక్‌అబ్జార్బర్లు, ముందు బుష్‌లు, బ్యాటరీ. ఇవన్నీ ఊహించిన ఖర్చులే కాబట్టి వివరించను.

2025 జనవరి 4, శనివారం

ఉదయం కీసర అవతల ఖాళీ మట్టినేలలో నాలుగు చక్రాల నడకను నిదానంగా సాధన చేద్దామని వెళ్లాను. ఈ బండిలో మధ్య డిఫరెన్షియల్ ఉండదు, అంటే 4హెచ్ వేస్తే ముందు ఇరుసూ వెనుక ఇరుసూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి కాబట్టి పొడి తారురోడ్డు మీద అది పనికిరాదు, షాఫ్టులు మెలిపడతాయి. మట్టి మీద చక్రం కొంచెం జారి ఆ తేడాను తీర్చుకుంటుంది. 4హెచ్ సాఫీగా పడింది. 4ఎల్‌కు బండిని పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ తొక్కి డయల్ తిప్పాలి. తిప్పాను. దీపం మిణుకుమిణుకుమంటూనే ఉండిపోయింది.

షెడ్డుకు తీసుకువెళితే, ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఉన్న చిన్న మోటారు కనెక్టరును మేస్త్రీ ఊడదీసి చూపించారు. లోపలి రాగి కాళ్లు పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. ద్రావకం చల్లి, పళ్లబ్రష్షుతో తోమి, కనెక్టరు కొత్తది వేసి, ఇరవైసార్లు అటూ ఇటూ మార్పిస్తే, మొదట బద్ధకంగా కదిలిన మోటారు చివరికి టక్కున పడటం మొదలుపెట్టింది. ఖర్చు 1,900 రూపాయలే. మోటారే పోయి ఉంటే ఎన్నో రెట్లు పెట్టవలసివచ్చేది. ఏడేళ్లు ఒక్కసారీ వాడలేదన్న మాట కరీంనగర్‌లో నాకు మెప్పుగా వినిపించింది; నిజానికి ఆ ఏర్పాటును పాడుచేసింది వాడకపోవడమే. నెలకొకసారి మట్టినేల మీద రెండు స్థానాల్లోనూ వంద గజాలు నడపాలని క్యాలెండరులో రాసుకున్నాను.

2025 జనవరి 16, గురువారం

పండుగకు నందిగామ వైపు మా ఊరికి వెళ్లివచ్చాము. పంతంగి టోలు దగ్గర సంక్రాంతి రద్దీలో గంటకు పైగా నిలిచినా ఇంజను వేడి ముల్లు నడిమిగీత దాటలేదు, ఏసీ చల్లగానే ఉంది. ముందు సీట్లో కూర్చున్న నాకు బండి ఎంతో హాయిగా నడుస్తున్నట్టనిపించింది. సూర్యాపేట దాటాక వెనుక నుంచి మాటలు ఆగిపోయాయి. కోదాడలో టీకి ఆగినప్పుడు అమ్మ నడుము పట్టుకుని దిగింది. రోడ్డు కాస్త బాగాలేదని నేనేదో సర్దిచెప్పబోతే, "ముందు కూర్చున్నవాడికేం తెలుస్తుందిరా, ఒకసారి నా పక్కన కూర్చుని చూడు" అంది.

కూర్చున్నాను. అక్కడి నుంచి నా భార్య నడిపింది. వెనుక సీటు వీపు దాదాపు నిటారుగా ఉంటుంది, దాన్ని వాల్చడానికి వీలులేదు. ప్రతి వంతెన కీలు దగ్గరా బండి తోక చిన్నగా ఎగిరి, ఆ కుదుపు సరిగ్గా నడుము దగ్గర ఆగుతోంది. మూడు బండ్లు చూశాను, సుత్తితో కొట్టించాను, అయస్కాంతం తిప్పాను, బెల్టులు లాగించాను. కుటుంబం కోసం కొంటున్న బండిలో కుటుంబం కూర్చునే చోట పది నిమిషాలు కూర్చుని చూడాలని నాకుగాని మేస్త్రీకిగాని తోచలేదు. కరీంనగర్‌లో మేమిద్దరం ముందు సీట్లలోనే తిరిగాము.

తిరిగివచ్చాక మేస్త్రీకి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "కమాను బరువు కోసం చేసింది సార్, ఖాళీగా నడిపితే ఎగరక ఏం చేస్తది?" అన్నారు. తరువాత గాలి కొలిచారు: వెనుక టైర్లలో 46 పాయింట్లుంది. కొత్త టైర్లు వేసినచోట సరుకు బండి అనుకుని కొట్టినట్టున్నారు. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే పట్టికలో ఖాళీ బండికి రాసిన మేరకు తగ్గించగానే సగం కుదుపు పోయింది. కొత్త టైర్లు వచ్చిన రోజే ఆ పట్టిక నేను చదువుకుని ఉండవలసింది.

2025 ఫిబ్రవరి 2, ఆదివారం

మిగతా సగం కోసం ఒక పట్టీ తీసేసి కమాను మెత్తబరచాలా, లేక తొట్టిలో శాశ్వతంగా కొంత బరువు ఉంచాలా అని వారం రోజులు ఆలోచించాను. పట్టీ తీస్తే బండి మోయగల శక్తి తగ్గుతుంది, ఐదుగురితో నిండు సామానుతో వెళ్లే రోజున అది కావాలి. ఎలాగూ పడుకోవడానికి చెక్కమంచె కావాలి కాబట్టి, ఆ మంచె బరువునే వాడుకోవాలనుకున్నాను.

ఫైబరు టోపీ, అంటే తొట్టిని పూర్తిగా కప్పే గూడు, చూడటానికి బాగుంటుంది గాని తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడం గురించి సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పు తరువాత అలాంటి మార్పులు చేయించడానికి నాకు మనసొప్పలేదు. అందుకని బండికి ఒక్క రంధ్రం కూడా చేయకుండా, లోపల పెట్టి బెల్టులతో బిగించి, కావాలంటే పావుగంటలో దింపేయగల మంచె చేయించాను. వడ్రంగి తొట్టిని కొలిచి, రెండు చక్రాల గూళ్ల పైకి వచ్చేలా ఎత్తు నిర్ణయించి, 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైతో చేశాడు. కింద రెండు పొడవాటి సొరుగులు: ఒకదానిలో పొయ్యి, గిన్నెలు, రెండోదానిలో తాళ్లు, పలుగు, పార, జాకీ, పానాలు. క్యాబిన్‌కు ఆనుకుని రెండు ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాల గూడు. బరువు వెనుక ఇరుసుకు ముందువైపు పడితే బండి కుదురుగా ఉంటుంది, ఇరుసు దాటి తోక చివర పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తగ్గుతుంది. అందుకే బరువైనవన్నీ క్యాబిన్ వైపే పెట్టించాను.

ఖాళీ మంచె అరవై రెండు కిలోలు తూగింది. నీళ్లు, సామానుతో నూట ముప్పై దాటింది. అమ్మను వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని శామీర్‌పేట దాకా వెళ్లివచ్చాము. ఆమె ఏమీ అనలేదు, దారిలో కునుకు తీసింది. నడుము దగ్గర పెట్టుకోవడానికి దూదితో ఒక పొట్టి దిండు కూడా కుట్టించింది. ఎక్కడానికి పక్కమెట్టు ఎత్తుగా ఉందని చెప్పడంతో తలుపు స్తంభానికి ఉన్న పిడికి తాడుపట్టీ కట్టాము; దాన్ని పట్టుకుని రెండడుగుల్లో ఎక్కగలుగుతోంది.

2025 ఫిబ్రవరి 24, సోమవారం

మేడారం చిన్న జాతర రద్దీ తగ్గేదాకా ఆగి, శనివారం లక్నవరం వెళ్లాము. 163వ నంబరు జాతీయ రహదారి మీద భువనగిరి, జనగామ, వరంగల్, ములుగు మీదుగా ప్రయాణం. పాలంపేటలో రామప్ప గుడి చూసుకుని, చెరువు దగ్గర వేలాడే వంతెన మీద పిల్లలు అలిసిపోయేదాకా తిరిగి, సాయంత్రానికి అటువైపే తెలిసిన రైతు మామిడితోటకు చేరాము. అడవిలో అనుమతి లేనిచోట రాత్రి ఆగడం మాకిష్టం లేదు.

తోట నిండా పూత. చివరి రెండు వందల గజాల్లో ఆ రోజే నీళ్లు పెట్టిన మడి ఒకటి అడ్డం వచ్చింది. ఎడమ వెనుక చక్రం బురదలో తిరగడం మొదలుపెట్టగానే ఆపి, న్యూట్రల్ చేసి, 4ఎల్‌కు తిప్పాను. దీపం రెండుసార్లు మిణికి స్థిరపడింది. మొదటి గేరులో యాక్సిలరేటరు తాకకుండానే బండి నడిచేవాడి వేగంతో మడి దాటి గట్టెక్కింది. వెనుక నుంచి అబ్బాయి, "నాన్నా, మళ్లీ వెళ్దాం" అన్నాడు. రైతు ముఖం చూసి వద్దన్నాను. మడిలో రెండు లోతైన చాళ్లు పడ్డాయి. మర్నాడు పొద్దున్నే ఆయన పారతోనే వాటిని పూడ్చి సరిచేశాను.

గుడారంలో అమ్మ మడతమంచం మీద, నా భార్య, అమ్మాయి పరుపుల మీద పడుకున్నారు. నేనూ అబ్బాయీ మంచె మీద. తొట్టి లోపలి పొడవు సుమారు ఐదడుగులే కాబట్టి వెనుక తలుపు దించి, దాని మీద అదే ఎత్తుకు మడతబల్ల చెక్క వేస్తేనే నాకు కాళ్లు చాపుకునే చోటు వచ్చింది. పైన తాటిపత్రిని తాళ్లతో కట్టాను గాని నడుమ వంపు వచ్చింది. తెల్లవారుజామున మంచు కురిసి, ఆ వంపులో నీళ్లు చేరి, ఒక్కొక్క చుక్కగా అబ్బాయి నుదుటి మీద పడ్డాయి. వాడు లేవలేదు, నాలుగున్నరకు నేను లేచి పత్రిని వేపకర్రతో పైకి ఎత్తి కట్టాను.

తిరుగు ప్రయాణంలో ఎత్తు ఎక్కుతున్నప్పుడు వెనుక నుంచి దభీమన్న చప్పుడు వచ్చింది. వంట సొరుగు జారి వెనుక తలుపుకు కొట్టుకుంది, గిన్నెలకు సొట్టలు పడ్డాయి. సొరుగులకు అయస్కాంతపు బిళ్లలు చాలవు, గడియలు కావాలి.

2025 మార్చి 2, ఆదివారం

ఇప్పటిదాకా బండి ధర కాక అయిన ఖర్చు 1,64,500 రూపాయలు. అనుకున్నదానికంటే పద్నాలుగున్నర వేలు ఎక్కువ. అందులో టైర్లే యాభై మూడు వేలు, బీమా, కాగితాలు కలిపి ఇరవై తొమ్మిది వేల ఆరు వందలు, మంచెకు ఇరవై మూడున్నర వేలు. ఆ పద్నాలుగున్నర వేల గురించి నా భార్య ఏమీ అడగలేదు. తొమ్మిదిన్నర అనుకున్న బండి తొమ్మిది లక్షల నలభైకి వచ్చింది కాబట్టి అందులో పదివేలు తీరిపోయాయని నేనే చెప్పుకున్నాను.

ఈరోజు వడ్రంగి వచ్చి రెండు సొరుగులకూ ఇత్తడి గడియలు బిగించాడు. నేను స్టెప్నీని దింపి, గొలుసుకు గ్రీజు పూసి, మళ్లీ ఎక్కించాను. ఈసారి రాడ్డు ఒక చేత్తోనే తిరిగింది. తాటిపత్రికి నడుమ ఎత్తుగా నిలిచే అల్యూమినియం కడ్డీ ఇంకా తేవాలి. వేసవి సెలవుల్లో భద్రాచలం, చింతూరు మీదుగా ఘాటు దారిలో మారేడుమిల్లి వెళదామని పిల్లలు పటం మీద గీత గీసిపెట్టారు. ఆ మలుపుల్లో తనకు తల తిరుగుతుందేమోనని, వెళ్లేటప్పుడు ముందు సీటు తనకే కావాలని అమ్మ ఇప్పుడే చెప్పి ఉంచింది.